జేబులోని కాపలాదారు ఎవరి మనిషి?

2021 ఆగస్టు 5న యాపిల్ కంపెనీ ఒక పథకం ప్రకటించింది. ఐఫోన్‌లోని ఫొటోలు ఐక్లౌడ్‌కి ఎక్కే ముందు ఫోన్‌లోనే ఒక ప్రోగ్రాం వాటిని పరీక్షిస్తుంది. పిల్లలపై లైంగిక అత్యాచారాలకు సంబంధించి ఇదివరకే నమోదైన చిత్రాలతో సరిపోలినవాటికి గుర్తు పెడుతుంది. అలాంటివి ఒకే ఖాతాలో ముప్పై దాకా చేరితే కంపెనీ సిబ్బంది చూసి, నిజమని తేలితే అమెరికాలోని నేషనల్ సెంటర్ ఫర్ మిస్సింగ్ అండ్ ఎక్స్‌ప్లాయిటెడ్ చిల్డ్రన్ సంస్థకు తెలియజేస్తారు. నెల తిరగకముందే తొంభైకి పైగా పౌరసంఘాలు ఈ ఆలోచన మానుకోమని యాపిల్‌కి బహిరంగ లేఖ రాశాయి. సెప్టెంబర్ 3న కంపెనీ పథకాన్ని వాయిదా వేసింది, 2022 డిసెంబర్‌లో పూర్తిగా వదులుకుంది. ఒక్క రోజు కూడా అమలు కాని ఈ పథకం లేవనెత్తిన ప్రశ్నలే ఇవాళ యూరప్‌లోనూ, బ్రిటన్‌లోనూ, మన దేశంలోనూ చట్టసభల్లో, కోర్టుల్లో నలుగుతున్నాయి.

గోప్యత కావాలా, పిల్లల భద్రత కావాలా అని రెండు ముక్కల్లో ఈ ప్రశ్నను అడగడం అందరికీ అలవాటైపోయింది. అలా అడిగినప్పుడు జవాబు రాదు, ఆవేశం మాత్రం వస్తుంది. నా ఫోన్‌లో ఒక యంత్రం నా ఫొటోలు చూడటం ఒక సంగతి, చూసినదాన్ని నాకు తెలియకుండా మరొకరికి చేరవేయడం ఇంకో సంగతి. ఎవరికి చెబుతోంది, ఏ జాబితా చూసి చెబుతోంది, ఆ జాబితా ఎవరి చేతిలో ఉంది, పొరపాటు జరిగితే ఎవరిని అడగాలి? ఈ నాలుగింటికీ తృప్తికరమైన జవాబు ఇంతవరకు ఏ ప్రభుత్వమూ, ఏ కంపెనీ ఇవ్వలేదన్నది నా అభిప్రాయం. అందుకే స్కానింగ్ వద్దనే పక్షానే నేను నిలబడుతున్నాను. అయితే ఆ పక్షం కూడా పూర్తిగా చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. ముందు వాటినే చెప్పాలి.

ఒక పిల్ల మీద జరిగిన అత్యాచారాన్ని ఎవడో వీడియో తీస్తాడు. ఆ నేరస్థుడు దొరికి జైలుకు వెళ్లినా వీడియో వెళ్లదు. ఏళ్ల తరబడి ఫోన్ నుంచి ఫోన్‌కి పాకుతూనే ఉంటుంది. ఆ పిల్ల పెద్దదై ఉద్యోగంలో చేరాక కూడా, ఎదురుగా వచ్చే మనిషి తనను గుర్తుపట్టాడేమోనని భయపడుతూ బతుకుతుంది. మన దేశంలో ఈ బాధను సుప్రీంకోర్టు గుమ్మం దాకా తీసుకువెళ్లింది హైదరాబాద్‌కు చెందిన ప్రజ్వల సంస్థ. వాట్సాప్‌లో తిరుగుతున్న సామూహిక అత్యాచారాల వీడియోల గురించి 2015 ఫిబ్రవరి 18న ఆ సంస్థ తరఫున సునీతా కృష్ణన్ రాసిన లేఖను కోర్టు తనంత తానుగా కేసుగా స్వీకరించింది. తర్వాత నియమించిన కమిటీలో గూగుల్, ఫేస్‌బుక్, వాట్సాప్, మైక్రోసాఫ్ట్ ప్రతినిధులు కూర్చున్నారు. ఆ విచారణ సాగుతుండగానే 2018లో సైబర్ నేరాలపై ఫిర్యాదుల జాతీయ పోర్టల్ వచ్చింది. అంతకు ముందు ఇలాంటి వీడియో గురించి ఎక్కడ ఫిర్యాదు చేయాలో బాధితులకు తెలియని పరిస్థితి. గోప్యత గురించి రాసే ప్రతివారూ ఆ లేఖకు కూడా జవాబు చెప్పాలి. ఎన్‌క్రిప్షన్ అంటే గణితం, గణితంతో బేరం కుదరదు అని చేతులు దులుపుకుంటే చాలదు.

ఈ చిత్రాలను యంత్రంతో పట్టే పద్ధతి 2009లో మొదలైంది. డార్ట్‌మౌత్ కాలేజీలో పనిచేస్తున్న హనీ ఫరీద్‌తో కలిసి మైక్రోసాఫ్ట్ ఫొటోడీఎన్ఏ అనే సాధనం తయారుచేసింది. ఫైలుకు గుర్తుగా కంప్యూటర్ కట్టే సంఖ్యను హ్యాష్ అంటారు. మామూలు హ్యాష్‌లో ఫొటోలోని ఒక్క చుక్క మారినా మొత్తం సంఖ్య మారిపోతుంది. ఫొటోడీఎన్ఏ లాంటివి చిత్రం రూపురేఖలను బట్టి సంఖ్య కడతాయి. పెళ్లి ఫొటో పది వాట్సాప్ గ్రూపులు తిరిగి మసకబారినా అందులో మేనత్తను మనం గుర్తుపట్టినట్టే, చిత్రాన్ని కుదించినా, అంచులు కత్తిరించినా, రంగు మార్చినా ఇవి పోలిక పట్టగలవు. ఫేస్‌బుక్, గూగుల్ తదితర కంపెనీలు తమ సర్వర్లలో ఇలాంటి సాధనాలను చాలా ఏళ్లుగా వాడుతున్నాయి. అమెరికా చట్టం ప్రకారం కంపెనీలు వెతికి తీరాలని లేదు, కనిపిస్తే మాత్రం చెప్పి తీరాలి. వెతకమని ప్రభుత్వమే ఆదేశిస్తే అది ప్రభుత్వ సోదా అవుతుంది. అప్పుడు అమెరికా రాజ్యాంగం నాలుగో సవరణ అడ్డు వస్తుంది, దొరికిన సాక్ష్యం కోర్టులో నిలవకపోవచ్చు. వెతకడాన్ని కంపెనీల ఇష్టానికి వదిలేయడం వెనుక ఈ చిక్కు ఉంది.

నేషనల్ సెంటర్ ఫర్ మిస్సింగ్ అండ్ ఎక్స్‌ప్లాయిటెడ్ చిల్డ్రన్ నడిపే సైబర్‌టిప్‌లైన్‌కు 2023లో 3 కోట్ల 62 లక్షల ఫిర్యాదులు వచ్చాయి. అందులో దాదాపు 89 లక్షలు ఇండియాకు సంబంధించినవి. ఏ దేశానికీ అంతకంటే ఎక్కువ లేవు. ఒక ఫిర్యాదంటే ఒక నేరస్థుడని కాదు. ఒకే చిత్రాన్ని కోపంతోనో, ఖండించాలనో వేలమంది పంచుకున్నా అది వేల ఫిర్యాదులుగా లెక్కకొచ్చేది. అలాంటివాటిని కలిపి పంపడం మొదలైన 2024లో మొత్తం సంఖ్య 2 కోట్ల 5 లక్షలకు తగ్గడానికి అది కూడా ఒక కారణం. 2023లో యాపిల్ ఇచ్చిన ఫిర్యాదులు మాత్రం 267. అదే ఏడాది ఒక్క ఫేస్‌బుక్ నుంచే కోటికి పైగా వెళ్లాయి. యాపిల్ వాడేవారందరూ పుణ్యాత్ములు కారు, యాపిల్ వెతకలేదంతే. తమ చిత్రాలు ఐక్లౌడ్‌లో ఉన్నా కంపెనీ పట్టించుకోలేదని 2024 డిసెంబర్‌లో అమెరికాలో బాధితుల తరఫున దావా పడింది కూడా.

ఇంతలో ఎన్‌క్రిప్షన్ విస్తరించింది. 2016 ఏప్రిల్‌లో వాట్సాప్ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌ను అందరికీ అమలుచేసింది. 2023 డిసెంబర్‌లో ఫేస్‌బుక్ మెసెంజర్ కూడా అదే బాట పట్టింది. పంపినవారి ఫోన్‌లో తాళం పడితే అందుకున్నవారి ఫోన్‌లోనే అది తెరుచుకుంటుంది. మధ్యలో సర్వర్‌కు కనిపించేది అర్థం కాని అంకెల గుట్ట. సర్వర్‌లో వెతకడం సాధ్యం కానప్పుడు తాళం పడకముందే ఫోన్‌లోనే వెతుకుదామన్న ఆలోచన వచ్చింది. దీన్నే క్లయింట్ సైడ్ స్కానింగ్ అంటున్నారు. ఎన్‌క్రిప్షన్ జోలికి పోవడం లేదు కదా అని దీన్ని సమర్థించేవాళ్లు అంటారు. చదవకూడనివాడు తాళం వేయకముందే చదివేస్తే ఇక తాళం వేసి లాభమేముంది?

యాపిల్ ఇంజనీర్లు నిర్లక్ష్యంగా పనిచేశారని ఎవరూ అనలేరు. ఈ రంగంలో అంత జాగ్రత్తగా రూపొందిన పథకం మరొకటి లేదు. న్యూరల్‌హ్యాష్ అనే సాధనం ఫొటోకి సంఖ్య కడుతుంది. అది జాబితాతో సరిపోలిందా లేదా అన్నది ఫోన్‌కీ తెలియదు. పోలికలు నిర్ణీత సంఖ్య దాటేదాకా కంపెనీ కూడా తెరవలేదు. గణితాన్ని అలా అల్లారు. ఏడాదిలో ఒక ఖాతా తప్పుగా దొరికే అవకాశం లక్ష కోట్లలో ఒకటి కన్నా తక్కువ అని కూడా చెప్పారు. ప్రకటన వచ్చిన రెండు వారాలకే ఫోన్ సాఫ్ట్‌వేర్‌లో దాగిన న్యూరల్‌హ్యాష్‌ను ఒక పరిశోధకుడు బయటికి తీశాడు. ఇంకొకరు గంటల్లోనే, ఏ సంబంధమూ లేని రెండు చిత్రాలకు ఒకే సంఖ్య వచ్చేలా చేసి చూపించారు. అది తుది రూపం కాదని, సర్వర్‌లో మరో పరీక్ష ఉంటుందని యాపిల్ సమాధానమిచ్చింది. అది నిజమే కావచ్చు. కానీ అమాయకుడి ఫోన్‌కి అలాంటి చిత్రాలు పంపి ఇరికించవచ్చనే అనుమానం మాత్రం అక్కడితో పోలేదు.

ఈ పోలిక పద్ధతి పాత చిత్రాలను మాత్రమే పట్టగలదు. కొత్తగా తీసినవాటిని, కృత్రిమ మేధతో సృష్టించినవాటిని పట్టాలంటే చిత్రం చూసి ఊహించే యంత్రం కావాలి. పొరపాట్లు అసలు పుట్టేది ఇక్కడే. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి కథ 2022 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ ద్వారా లోకానికి తెలిసింది. 2021 ఫిబ్రవరిలో, కోవిడ్ రోజుల్లో, చంటివాడికి మర్మాంగం దగ్గర వాపు వస్తే నర్సు ఫొటో పంపమంది. ఆండ్రాయిడ్ ఫోన్‌తో తీశాడు. ఫొటో గూగుల్ క్లౌడ్‌కి ఎక్కింది, యంత్రం దాన్ని నేరచిత్రంగా గుర్తించింది. ఆయన ఖాతా మూసుకుపోయింది. ఏళ్ల నాటి మెయిళ్లు, కొడుకు మొదటి ఏడాది ఫొటోలు, ఫోన్ నంబరు అన్నీ పోయాయి. పోలీసులు విచారించి ఏ నేరమూ లేదని తేల్చారు. అయినా కంపెనీ ఖాతా తిరిగివ్వలేదు. పసివాడికి ఒళ్లంతా పొక్కులొస్తే డాక్టరుకి వాట్సాప్‌లో ఫొటో పెట్టడం మన ఊళ్లలోనూ రోజూ జరిగేదే. మనుమడికి నూనె పెట్టి స్నానం చేయిస్తున్న ఫొటోని అమ్మమ్మ టెక్సస్‌లోని కూతురికి పంపుతుంది. ఆ ఫొటోని ఏ వైపు చూడాలో యంత్రానికి ఎవరు నేర్పుతారు?

లెక్క వేసి చూడండి. రోజుకు పదివేల కోట్ల సందేశాలు తమ ద్వారా వెళుతున్నాయని వాట్సాప్ 2020లో చెప్పింది. అందులో వందకు ఒకటే ఫొటో అనుకున్నా వంద కోట్ల ఫొటోలు. యంత్రం లక్షకు ఒక్కటే తప్పు చేస్తుందనుకున్నా రోజుకు పదివేల ఫొటోలు తప్పుడు నిందకు గురవుతాయి. ఈ రంగంలో ఊహించే యంత్రాలేవీ అంత కచ్చితంగా ఉండవు. యూరప్ అనుభవం కూడా అదే చెబుతోంది. ఇలాంటి ఫిర్యాదుల్లో 2024లో దాదాపు సగం తమ చట్టం ప్రకారం నేరమే కావని జర్మనీ కేంద్ర నేరపరిశోధన సంస్థ తేల్చింది.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం జాబితాకు సంబంధించింది. 2021 అక్టోబర్‌లో పద్నాలుగు మంది నిపుణులు కలిసి ఒక పత్రం వెలువరించారు. ఆధునిక ఎన్‌క్రిప్షన్‌కి పునాది వేసిన విట్‌ఫీల్డ్ డిఫీ, రొనాల్డ్ రివెస్ట్, కేంబ్రిడ్జ్ పరిశోధకుడు రాస్ ఆండర్సన్, సూజన్ లాండౌ వారిలో ఉన్నారు. వాళ్ల వాదన సూటిగా ఉంది: ఫోన్‌లో వెతికే యంత్రానికి తాను వెతుకుతున్నది ఏమిటో తెలియదు. జాబితాలోని సంఖ్యల వెనుక పిల్లల చిత్రాలున్నాయో, ఒక ఉద్యమ కరపత్రముందో, ఒక నాయకుడి మీద వేసిన కార్టూన్ ఉందో బయటివారు చూసి చెప్పలేరు. ఆ చిత్రాలను చూడటమే నేరం కాబట్టి ఆ జాబితాను తనిఖీ చేసే హక్కు మామూలు పౌరులకు ఎప్పటికీ రాదు. వేర్వేరు దేశాల్లోని రెండు సంస్థల జాబితాల్లోనూ ఉన్నవాటినే వాడతామని యాపిల్ అభయమిచ్చింది. ప్రభుత్వాలు వేరే చిత్రాలు చేర్చమంటే ఒప్పుకోమని కూడా అంది. చట్టం చేసి ఆదేశిస్తే ఆ కంపెనీ ఏం చేస్తుంది? చైనా చట్టానికి తలొగ్గి 2018లో అక్కడివారి ఐక్లౌడ్ డేటాను గుయిజౌలోని ప్రభుత్వ సంస్థ నిర్వహణకు అప్పగించింది ఇదే కంపెనీ. 2023 ఆగస్టులో బాలల హక్కుల సంస్థ ఒకటి నిలదీసినప్పుడు, ఒక రకం చిత్రాల కోసం తలుపు తెరిస్తే అందరి సంభాషణల మీద నిఘాకి దారి పడుతుందని చివరికి యాపిలే రాసి ఇచ్చింది.

ఒక పని కోసం కట్టిన నిఘా యంత్రాంగం మరో పనికి మళ్లుతుందన్నది తెలుగువారికి పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికి ఏర్పడింది స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచి. గత ప్రభుత్వ హయాంలో అదే విభాగం ప్రతిపక్ష నాయకుల, పాత్రికేయుల, వ్యాపారుల ఫోన్లు వినిందన్నది 2024 మార్చిలో బయటపడిన తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసు. 2023 డిసెంబర్‌లో ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్నది అందులో ఒక అభియోగం. కేసు కోర్టులో తేలాలి. అంతకు ముందు, 2021 అక్టోబర్‌లో, హైదరాబాద్ రోడ్ల మీద బైకులు ఆపి, కుర్రాళ్ల ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో గంజాయి అనే మాట కోసం పోలీసులు వెతికిన వీడియోలు అందరూ చూశారు. వారెంటు అడిగే ధైర్యం ఆ కుర్రాళ్లకు ఎక్కడి నుంచి వస్తుంది? అదే నెలలో పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్ కేసులో జస్టిస్ ఎన్.వి.రమణ నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం, జాతీయ భద్రత అన్న మాట చెప్పినంత మాత్రాన ప్రభుత్వానికి మినహాయింపు రాదని చెప్పి సాంకేతిక కమిటీ వేసింది. ఫోన్‌లోనే వెతికే యంత్రం వస్తే రోడ్డు మీద ఆపాల్సిన పనే ఉండదు.

యూరప్‌లో ఈ పోరు ఇంకా పెద్దది. 2022 మే 11న యూరోపియన్ కమిషన్ ప్రతిపాదించిన నిబంధన ప్రకారం ఆదేశం అందుకున్న మెసేజింగ్ కంపెనీ, ఎన్‌క్రిప్షన్ ఉన్నా సరే, ఈ చిత్రాల కోసం వెతకాలి. పాత చిత్రాలే కాదు, కొత్తవి, పిల్లలను లోబరుచుకునే సంభాషణలు కూడా. విమర్శకులు దీనికి చాట్ కంట్రోల్ అని పేరు పెట్టారు. ఎన్‌క్రిప్షన్ ఉన్నవాటిని మినహాయించాలని 2023 నవంబర్‌లో యూరోపియన్ పార్లమెంటు తీర్మానించింది. సభ్యదేశాల మండలిలో మాత్రం అధ్యక్షత మారినప్పుడల్లా కొత్త ముసాయిదా వచ్చేది, ఓటింగ్ ముంగిట ఆగిపోయేది. తప్పనిసరి చేస్తే యూరప్ వదిలి వెళతామని సిగ్నల్ మెసేజింగ్ యాప్ అధ్యక్షురాలు మెరెడిత్ విటేకర్ హెచ్చరించారు. 2025 అక్టోబర్‌లో జర్మనీ ఒప్పుకోకపోవడంతో అప్పుడు అధ్యక్షతలో ఉన్న డెన్మార్క్ వెనక్కి తగ్గింది. నవంబర్ 26న మండలి స్వచ్ఛంద స్కానింగ్ వరకే ఒప్పందానికి వచ్చింది. రహస్య పోలీసు రాజ్యాన్ని చూసిన దేశం జర్మనీ. ఆ జ్ఞాపకం ఈ నిర్ణయంలో పలికిందని నేననుకుంటాను. ఈ మధ్యలోనే, 2024 ఫిబ్రవరి 13న, పోద్చాసోవ్ కేసులో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఒక మాట తేల్చింది: అందరి ఎన్‌క్రిప్షన్‌నూ బలహీనపరిచే ఉత్తర్వు ప్రజాస్వామ్య సమాజంలో సమర్థనీయం కాదు. బ్రిటన్ 2023లో ఆన్‌లైన్ సేఫ్టీ చట్టంలో ఈ అధికారాన్ని రాసుకుంది, కానీ సాంకేతికంగా సాధ్యమయ్యేదాకా వాడబోమని పార్లమెంటులోనే చెప్పింది.

మన దగ్గర ఈ చర్చ వేరే దారిలో వచ్చింది. 2020లో జైరామ్ రమేశ్ అధ్యక్షతన రాజ్యసభ కమిటీ పిల్లల చిత్రాల సమస్యపై నివేదిక ఇచ్చింది. ఈ చిత్రాలు పంచేవాళ్లను పట్టడానికి ఎన్‌క్రిప్షన్ ఛేదించేందుకు వీలుండాలని అందులో సిఫారసు చేసింది. 2021 ఫిబ్రవరి ఐటీ నియమాల్లో 50 లక్షలకు మించి వినియోగదారులున్న కంపెనీలకు రెండు బాధ్యతలు పెట్టారు. ఒక సందేశం మొదట ఎవరు పంపారో చెప్పగలగాలి. పిల్లలపై లైంగిక దోపిడీ చిత్రాలను సాంకేతిక సాధనాలతో ముందే గుర్తించేందుకు ప్రయత్నించాలి. మొదటిదాని మీద వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఎన్‌క్రిప్షన్ తీసేయమంటే ఈ దేశంలో కొనసాగలేమని 2024 ఏప్రిల్‌లో కోర్టుకు చెప్పింది. రెండోదాని మీద పెద్దగా చర్చ జరగలేదు, జరగాల్సింది దాని గురించే. వాడే సాధనాలు హక్కులకు తగిన మోతాదులో ఉండాలని, మనుషుల పర్యవేక్షణ ఉండాలని ఆ నియమమే అంటోంది. ఆ పర్యవేక్షణ ఎవరు చేస్తున్నారో చెప్పే స్వతంత్ర నివేదిక మన చేతికి రావాలి కదా.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ముక్తకంఠంతో చెప్పారు. ఆ హక్కును తగ్గించాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన లక్ష్యం ఉండాలి, తీసుకునే చర్య ఆ లక్ష్యానికి సరిపడినంతే ఉండాలి. అనుమానం లేని కోట్ల మంది ఫోన్లను నిత్యం సోదా చేయడం మూడో గీటురాయి మీద నిలవదని నా నమ్మకం. 2024 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు మరో తీర్పులో, ఇలాంటి చిత్రాలను దగ్గర ఉంచుకోవడం, చూడటం పోక్సో కింద నేరం కావచ్చని స్పష్టం చేసింది. ఆ తీర్పు సరైనదే. దాంతో పాటే ఒక ప్రమాదమూ వచ్చింది: గ్రూపులో ఎవడో పంపిన వీడియో ఆటో డౌన్‌లోడ్‌లో దిగినా ఫోన్ యజమాని జవాబు చెప్పుకోవాల్సి రావచ్చు. తీర్పు ఉద్దేశాన్ని లెక్కలోకి తీసుకోమంది, యంత్రం ఉద్దేశాన్ని చూడదు. 2025 నవంబర్ చివర్లో ప్రతి కొత్త ఫోన్‌లోనూ సంచార్ సాథీ యాప్ ముందే ఉండాలని టెలికాం శాఖ ఆదేశించింది. నిరసన వెల్లువెత్తడంతో డిసెంబర్ 3న వెనక్కి తీసుకుంది. ఆ యాప్ ఫొటోలు వెతికేది కాదు. అయినా ఫోన్‌లో ప్రభుత్వం తలుపు పెట్టడమంటే ఏమిటో జనానికి వెంటనే అర్థమైంది.

మరి పిల్లల సంగతి? అదే సాంకేతికతను వేరే చేతికి ఇచ్చి చూడండి. 2021 డిసెంబర్‌లో యాపిల్ తెచ్చిన కమ్యూనికేషన్ సేఫ్టీ కూడా ఫోన్‌లోనే ఫొటోలు చూస్తుంది. పిల్లల ఫోన్‌కి నగ్నచిత్రం వస్తే మసకబార్చి, హెచ్చరించి, సాయం ఎక్కడ దొరుకుతుందో చెబుతుంది. కంపెనీకి గానీ, పోలీసుకు గానీ కబురు పోదు. 2023లో ప్రచారంలోకి వచ్చిన టేక్ ఇట్ డౌన్ అనే సేవలో, తన చిత్రం ఎవరో పెట్టేస్తారని భయపడే పిల్ల తన ఫోన్‌లోనే దానికి హ్యాష్ కట్టుకుంటుంది. చిత్రం ఫోన్ దాటదు, సంఖ్య మాత్రమే వెళుతుంది. ఒప్పుకున్న కంపెనీలు దాన్ని తమ వేదికల మీద రాకుండా ఆపుతాయి. ఎన్‌క్రిప్షన్ ఉన్న చోట ఇది పనిచేయదు, అది దీని పరిమితి. రెండింటిలోనూ యంత్రం ఫోన్‌లోనే చూస్తుంది. మాట వినేది మాత్రం ఆ పిల్లదే.

ఇక దర్యాప్తు. ఫిర్యాదులు సరిపోక నేరస్థులు తప్పించుకుంటున్నారనడానికి ఆధారాలు తక్కువ. వచ్చిన ఫిర్యాదుల్లో ఏది ముఖ్యమో తేల్చుకోలేక పోలీసులు మునిగిపోతున్నారని స్టాన్‌ఫర్డ్ ఇంటర్నెట్ అబ్జర్వేటరీ 2024 ఏప్రిల్‌లో రాసింది. అది అమెరికా పరిస్థితి. 2019 ఏప్రిల్‌లో కుదిరిన ఒప్పందంతో మన జాతీయ నేర గణాంక సంస్థకు సైబర్‌టిప్‌లైన్ ఫిర్యాదులు అందుతున్నాయి, అక్కడి నుంచి రాష్ట్రాలకు వెళుతున్నాయి. ఆ ఫిర్యాదుల ఆధారంగా తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో అరెస్టులు చేసింది. 2021లో ఆపరేషన్ కార్బన్, 2022లో ఆపరేషన్ మేఘచక్ర పేర్లతో సీబీఐ చిత్రాల వ్యాపారుల మీద దాడులు చేసింది. అందరి ఫోన్లూ సోదా చేయకుండానే ఇవన్నీ జరిగాయి. గ్రూపుల్లోకి చొరబడటం, డబ్బు జాడ పట్టడం, ఇంటర్‌పోల్ సమాచారం, బాధితుల ఫిర్యాదు: ఈ పనులకు మనుషులు కావాలి, ఫోరెన్సిక్ ల్యాబులు కావాలి, పిల్లలతో మాట్లాడటం తెలిసిన మహిళా అధికారులు కావాలి.

ఢిల్లీ హైకోర్టులో వాట్సాప్ కేసు ఎటు తేలినా కేంద్ర హోం శాఖ ఇప్పుడే చేయగలిగిన పని ఒకటుంది. అమెరికా నుంచి వచ్చిన లక్షల ఫిర్యాదుల్లో ఎన్ని ఏ రాష్ట్రానికి వెళ్లాయి, ఎన్నింటి మీద ఎఫ్ఐఆర్ నమోదైంది, ఎన్ని వట్టివని తేలాయి, ఎంతమంది పిల్లలను గుర్తించి ఆ నరకం నుంచి బయటికి తెచ్చారు అన్న వివరాలను ఏటా రాష్ట్రాల వారీగా పార్లమెంటు ముందు పెట్టాలి. మన ఫోన్లలోకి రావడానికి అనుమతి అడిగేవారెవరైనా ముందు ఆ పట్టిక తీసుకురావాలి.